ఇంటి వెనక నల్లమట్టి: పీసీసీ మీద టైల్సా, ఇసుక మీద పేవర్ బ్లాకులా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఖమ్మంలో ఇంటి వెనక 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు పెరడు. నల్లమట్టి. ఒక మూల జామచెట్టు, గోడ పక్కన కరివేపాకు చెట్టు. వాన పడితే చెప్పులు బురదలో ఊడిపోతున్నాయి. మేస్త్రి "నాలుగంగుళాల పీసీసీ (ఇనుము లేని కాంక్రీట్) పోసి పైన పార్కింగ్ టైల్స్ అతికిద్దాం" అంటున్నాడు. మీ బావమరిది "ఇసుక పరిచి పేవర్ బ్లాకులు పేర్చేస్తే సరి, రెండ్రోజుల పని" అంటున్నాడు. వానలు మొదలయ్యేలోపు అయిపోవాలి, ఎవరి మాట వినాలి అని అడిగారు.

బావమరిది చెప్పిన బ్లాకులే వేయండి, ఆయన చెప్పిన పద్ధతిలో మాత్రం వద్దు. పైన 60 మి.మీ. బ్లాకు, దాని కింద అంగుళం పైచిలుకు ఇసుక, ఆ కింద బాగా దిమ్మిస కొట్టిన తొమ్మిది అంగుళాల మొరం, నాలుగు వైపులా కదలని అంచు. అంటే ముందు అడుగు లోతు పైనే మట్టి తీయాలి. రెండ్రోజుల్లో అయ్యేది కాదు, ముగ్గురు మనుషులతో వారం అనుకోండి. ఆ వారంలో ఐదు రోజులు బ్లాకు కింద పనికే పోతాయి. బ్లాకులు పేర్చడం ఒక రోజు పని.

నేను ఇరవై ఏళ్ళ పైగా కరీంనగర్, వరంగల్ వైపు ఇళ్ళ పనులు, కాంపౌండ్ పనులు చేయిస్తున్నాను. ఈ అడుగు లోతు తవ్వడం నాకు పుస్తకం చదివితే రాలేదు, సొంత డబ్బు పోగొట్టుకుంటే వచ్చింది. పదిహేనేళ్ళ కిందట హన్మకొండలో ఒక ఇంటి ముందు నల్లమట్టి మీదే మూడంగుళాల క్రషర్ డస్ట్ పరిచి బ్లాకులు వేయించాను. మార్చిలో చేసినప్పుడు చూడముచ్చటగా ఉంది, ఇంటాయన ఫొటో తీసి బంధువులకు పంపాడు కూడా. వినాయక చవితి నాటికి ఆ నేల అలలు అలలుగా లేచింది. గేటు దగ్గర రెండంగుళాలు కుంగింది, నడుమ ఉబ్బింది, వర్షం నీళ్ళు మెట్ల దగ్గర నిలబడ్డాయి. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధేసింది. మొత్తం విప్పి, నా ఖర్చుతో మళ్ళీ వేయించాను.

కారణం నల్లమట్టే. రేగడి నేల నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఏడాదికోసారి ఊపిరి పీల్చి వదిలినట్టు పైకీ కిందికీ కదులుతుంది. మీ మేస్త్రి చెప్పిన నాలుగంగుళాల పీసీసీలో ఇనుము ఉండదు కాబట్టి ఆ కదలికకు అది తట్టుకోలేదు, ఎక్కడో ఒకచోట చీలుతుంది. కింద చీలిక ఎటు పోతే పైన అతికించిన టైల్ కూడా అటే చీలుతుంది. అప్పుడు ఒక్క టైల్ మార్చడం కుదరదు, గునపంతో పగలగొట్టాలి. బ్లాకుల పని అలా కాదు. నేల కదిలితే అవీ దానితో కాస్త కదిలి ఊరుకుంటాయి. ఎక్కడైనా కుంగితే ఆ పది బ్లాకులు తీసి, ఇసుక వేసి, మళ్ళీ అవే పెట్టుకోవచ్చు. పైగా సందుల్లోంచి కొంత నీరు దిగి మీ జామచెట్టు వేళ్ళకు అందుతుంది.

మేస్త్రి తప్పు చెప్పాడని కాదు. గట్టి ఎర్రనేల, మొరం నేల ఉన్నచోట పీసీసీ మీద టైల్స్ చక్కగా నిలుస్తాయి. తాండూరు, షాబాద్, బేతంచెర్ల బండలు వేయించుకునేవాళ్ళకైతే పీసీసీ తప్పదు, ఎందుకంటే ఆ బండ మందం అంగుళం లోపే, ఉత్త ఇసుక మీద పెడితే కాలు పడ్డచోట పుటుక్కుమంటుంది. ఆయన అలవాటైన నేలలో సరైన మాటే మీ నేలలో సరిపోవడం లేదు, అంతే.

ఇక పని ఎలా చేయించాలో చెబుతాను.

తవ్వే ముందు నీళ్ళు పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో నల్లనేల నెర్రెలిచ్చి ఉంటుంది, వేళ్ళు పట్టేంత సందులు. ఆ ఎండిన నేల మీద నేరుగా పని మొదలుపెడితే తొలకరి తర్వాత అదంతా ఉబ్బి మీ పనిని పైకి లేపుతుంది. రెండు మూడు రోజులు సాయంత్రం పూట తడిపి, నెర్రెలు మూసుకున్నాక, కాలికి అంటుకోనంతగా ఆరాక తవ్వండి. తవ్విన మట్టి పారేయకండి, మొక్కల పాదులకు అంతకంటే మంచిది కొన్నా దొరకదు. తుంగ ఉంటే మాత్రం గడ్డలతో సహా ఏరి పారేయాలి. ఒక్క గడ్డ మిగిలినా వచ్చే ఏడాది బ్లాకుల సందులోంచి తల ఎత్తుతుంది.

మొరం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మోసం జరిగేది ఇక్కడే కాబట్టి. మన వైపు మొరం అంటాం, కోస్తా వైపు గ్రావెల్ అంటారు. ట్రాక్టర్‌లో వచ్చేదంతా మొరం కాదు, సగం ఎర్రమట్టే ఉంటుంది. గుప్పెడు తీసుకుని తడిపి అరచేతిలో రుద్దండి. గరగరలాడుతూ రాలిపోతే మంచిది. చేతికి జిగటగా అంటుకుని, కడిగినా ఎర్రగా మిగిలితే వెనక్కి పంపండి. పరిచేటప్పుడు కొద్దిగా తడిగా ఉండాలి. పిడికిలితో గట్టిగా నొక్కితే ఉండ కట్టాలి, నడుం ఎత్తు నుంచి కింద వేస్తే మూడు నాలుగు ముక్కలు కావాలి. పొడిపొడిగా రాలితే నీళ్ళు చాలలేదు, ముద్దలా చతికిలబడితే ఎక్కువయ్యాయి.

తొమ్మిది అంగుళాలూ ఒకేసారి పోసి పైన దిమ్మిస కొడితే పై మూడంగుళాలే గట్టిపడతాయి, కింద అంతా గుల్ల. మూడేసి అంగుళాల చొప్పున మూడు వరసలు పరిచి, ఒక్కో వరస మీదా ప్లేట్ కంపాక్టర్‌ (నేలను అదిమి గట్టిపరిచే మిషన్) నాలుగైదు సార్లు తిప్పించండి. మిషన్ రోజు అద్దెకు దొరుకుతుంది. ఇది మిగుల్చుకుందామని చూడకండి. అయిందో లేదో చూడటానికి నాది మోటు పద్ధతి, మడమతో గట్టిగా తన్నుతాను. గుంట పడకూడదు.

వాలు మొరంలోనే ఇవ్వాలి, ఇసుకలో కాదు. చాలామంది కింద మట్టసంగా చేసి, పైన ఇసుక ఒక వైపు అంగుళం, ఇంకో వైపు మూడంగుళాలు పరిచి వాలు తెప్పిస్తారు. ఇసుక మందంగా ఉన్న వైపు ఏడాదిలో కుంగుతుంది. ఇసుక ఎక్కడ చూసినా ఒకే మందం ఉండాలి. వాలు పది అడుగులకు రెండంగుళాలు చాలు. మీ 15 అడుగుల వెడల్పుకు మూడంగుళాలు, ఇంటి గోడ నుంచి బయటికి. కంటితో చూసి చెప్పే మేస్త్రిని నమ్మొద్దు, నీళ్ళ గొట్టం పట్టి నాలుగు మూలలా గోడ మీద గీత గీయించండి.

పక్కింటి ప్రహరీ వైపు వాలు పెట్టి నీళ్ళు అటు తోయడం మాత్రం వద్దు. ఆ గొడవలు మధ్యవర్తిగా నేను తీర్చినవే మూడున్నాయి. చివర చిన్న కాలువ తీసి డ్రైన్‌లోకో, ఇంకుడు గుంతలోకో కలపండి. నల్లమట్టిలో ఇంకుడు గుంత నెమ్మదిగా ఇంకుతుంది, కాబట్టి పొంగితే నీళ్ళు పోవడానికి ఇంకో దారి కూడా ఉండాలి. పునాదికి ఆనుకుని మాత్రం గుంత తవ్వకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. గోడ దగ్గర బ్లాకుల పై మట్టం మీ ప్లింత్ (ఇంటి లోపలి నేల మట్టం) కంటే కనీసం ఆరంగుళాలు కిందే ఉండాలి. విజయవాడలో మా చుట్టాలింట్లో తవ్వకుండా ఉన్న నేల మీదే మొరం, ఇసుక, బ్లాకులు ఎక్కించేశారు. పెరడు ఎత్తు ప్లింత్‌తో సమానమైంది. రెండు వానాకాలాలు తిరిగేసరికి వంటింటి గోడ లోపలి వైపు మోకాలెత్తున చెమ్మ, రంగంతా పొక్కులు. పెయింటర్‌ని మూడుసార్లు మార్చారు పాపం. జబ్బు బయట ఉంటే మందు లోపల పూశారు.

అంచు దగ్గరికి వద్దాం. బ్లాకులు ఒకదాన్నొకటి నొక్కుకుని నిలుస్తాయి. చివరి వరసను ఆపేవాడు లేకపోతే నెమ్మదిగా పక్కకు జరుగుతాయి, సందులు విచ్చుకుంటాయి, ఇసుక జారిపోతుంది. కర్బ్ స్టోన్ (అంచు రాయి) పెట్టి వెనక వైపు కాంక్రీట్ ఆనించండి. ఒట్టి ఇటుకలు నిలబెట్టి మట్టి కప్పితే అది అంచు కాదు, అలంకారం. మీ ఊళ్ళో గ్రానైట్ యూనిట్లకు కొదవలేదు కదా, అక్కడ మిగిలిన మందపాటి పట్టీలు అడిగి చూడండి. నున్నటి వైపు పైకి పెట్టొద్దు, వానలో జారతారు.

ఇప్పుడు ఇసుక. క్రషర్ డస్ట్ వద్దు. అందులో పిండి ఎక్కువ, తడిస్తే నీళ్ళు పట్టుకుని బురదై సందుల్లోంచి పైకి కక్కుతుంది. ఏటి ఇసుక దొరికితే సరే, లేకపోతే కడిగిన ఎం శాండ్ (రాయిని పొడి చేసి తీసిన ఇసుక) తీసుకోండి. కాంక్రీట్‌కి వాడే ముతకది కావాలి, ప్లాస్టరింగ్‌కి వాడే సన్నది కాదు. నీళ్ళ సీసాలో సగం ఇసుక పోసి, నీళ్ళు నింపి, చిటికెడు ఉప్పు వేసి బాగా ఊపి రెండు మూడు గంటలు వదిలేయండి. ఇసుక మీద ఒండ్రు పొర తేలుతుంది. ఇసుక పొర పది సెంటీమీటర్లుంటే ఒండ్రు ఎనిమిది మిల్లీమీటర్లు దాటకూడదు.

పరచడానికి తేలిక పద్ధతి ఇది. ముప్పావు అంగుళం జీఐ పైపులు రెండు తెచ్చి మొరం మీద ఐదారు అడుగుల ఎడంగా పెట్టండి. వాటి బయటి మందం సుమారు 27 మి.మీ. ఉంటుంది, అంగుళం పైపయితే 34 వరకు. రెండిట్లో ఏదైనా పనికొస్తుంది. మధ్యలో ఇసుక పోసి, నిటారైన అల్యూమినియం పట్టీని పైపుల మీద ఆనించి లాగితే ఇసుక అద్దంలా వస్తుంది. పైపులు తీసేసి ఆ గాళ్ళు నింపండి. దాని మీద ఇక ఎవరూ కాలు పెట్టకూడదు, పిల్లి కూడా. బ్లాకులు పేర్చే మనిషి పేర్చిన బ్లాకుల మీదే కూర్చుని ముందుకు పోవాలి. మా దగ్గర కొత్త కుర్రాళ్ళు ఎప్పుడూ ఇసుక మీద మోకాళ్ళేస్తారు. ఆ మోకాలి గుంట మిషన్ తిప్పాక సరిగ్గా ఆ బ్లాకు దగ్గరే పైకి కనిపిస్తుంది.

మేస్త్రి ఈ ఇసుకలో రెండు బస్తాల సిమెంటు కలుపుతానంటే ఒప్పుకోకండి. వినడానికి గట్టిగా అనిపిస్తుంది. కలిపితే అది పల్చటి పెళుసు పొర అవుతుంది, నేల కదిలితే ముక్కలవుతుంది, బ్లాకు కింద గుల్ల మిగులుతుంది. పైన సందుల్లో పొడి సిమెంటు చల్లి నీళ్ళు కొట్టడం కూడా అంతే. బ్లాకులకు బూడిద మరకలు మిగులుతాయి.

బ్లాకు కొనేటప్పుడు రంగు చూసి మోసపోకండి. రబ్బరు మౌల్డ్‌లో పోసినవి తళతళలాడతాయి, కానీ తడిస్తే జారతాయి. ప్రెస్ మిషన్ బ్లాకులు గరుకుగా, కాస్త మొరటుగా ఉంటాయి, పెరటికి అవే మేలు. పేవర్ బ్లాకులకు ఐఎస్ 15658 అని ప్రమాణం ఉంది. దాని ప్రకారం 2006 నాటి లెక్కలో మనుషులు మాత్రమే నడిచే చోట 50 మి.మీ. మందం, ఎం-30 బలం చాలు. కార్లు, స్కూటర్లు తిరిగే చోట 60 మి.మీ., ఎం-35. మీరు 60 తీసుకోండి, రేపు అటు స్కూటర్ పెట్టరని ఏముంది. ఎప్పుడు పోశారో అడగండి. నాలుగు వారాలు నిండని బ్లాకుకు పూర్తి బలం రాదు, అంచులు తేలిగ్గా రాలతాయి.

బ్లాకు ఎంత నీళ్ళు తాగుతుందో ఇంట్లోనే చూడొచ్చు. ఒక బ్లాకును రెండు రోజులు మండుటెండలో పెట్టి కిరాణా కొట్టులో తూకం వేయించండి. ఒక రోజంతా బకెట్ నీళ్ళలో ముంచి, పైన తుడిచి మళ్ళీ తూయండి. 20 × 10 సెం.మీ., 60 మి.మీ. బ్లాకు దాదాపు 2.8 కిలోలుంటుంది. ఆరు శాతం లోపు, అంటే సుమారు 170 గ్రాముల లోపు పెరిగితే పర్వాలేదు. నేనొకసారి 300 గ్రాములు తాగిన బ్లాకు చూశాను. అమ్మినాయన "వేసవి కదా సార్, దాహం" అన్నాడు.

లెక్క మీ 300 చదరపు అడుగులకు ఇలా వస్తుంది. పైన చెప్పిన కొలత బ్లాకులు చదరపు మీటరుకు 50 పడతాయి. మీకు దాదాపు 1,400, ముక్కలకూ విరిగిన వాటికీ కలిపి 1,470 తెప్పించండి. మొరం గట్టిపడ్డాక 225 సీఎఫ్‌టీ (ఘనపు అడుగులు) కావాలి, కాబట్టి వదులుగా 290 దాకా తేవాలి. ఇసుక పరచడానికి 40, సందులకు ఇంకో నాలుగైదు. ట్రాక్టర్ ఎన్ని ట్రాలీలు అని కాకుండా ట్రాలీ పొడవు, వెడల్పు, ఎత్తు టేప్‌తో కొలిచి తీసుకోండి. చెట్ల పాదులకు వదిలే జాగా వల్ల ఇందులో కొంత మిగులుతుంది, మంచిదే.

పేర్చేటప్పుడు మొదటి గీత సరిగ్గా రావడమే అసలు కష్టం. మూల నుంచి ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 అడుగులు గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 5 అడుగులొస్తే మూల సరిగ్గా లంబకోణంలో ఉన్నట్టు. పెరడు పెద్దది కాబట్టి 6, 8, 10 అయితే ఇంకా నికరం. పాత ఇళ్ళలో ప్రహరీ గోడ వంకరగా ఉంటుంది, దాన్ని ఆధారం చేసుకోవద్దు. దారం కట్టి దాని వెంబడే వెళ్ళండి. బ్లాకుకీ బ్లాకుకీ మధ్య 2 నుంచి 4 మి.మీ. సందుండాలి. మూడు ఏటీఎం కార్డులు కలిపి పట్టుకుంటే రెండు మిల్లీమీటర్ల పైన వస్తుంది, మా కుర్రాళ్ళకు కొలత అదే. దగ్గర దగ్గరగా పెడితే బాగుంటుందనుకుంటారు, సందులో ఇసుక దిగకపోతే పక్క బ్లాకులు ఒకదానికొకటి ఆసరా కావు, అంచులు ఒరుసుకుని పెచ్చులూడతాయి. చివర ముక్కలు సుత్తితో కాకుండా కటింగ్ మిషన్‌తో కోయించండి. కోసే మనిషికి మాస్క్ మీరే కొనివ్వండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది.

మిషన్ తిప్పాక బ్లాకులు ఐదు నుంచి పది మిల్లీమీటర్లు దిగుతాయి. కాలువ అంచు కంటే, డ్రైనేజీ చాంబర్ మూత కంటే ముందే ఆ మేర ఎత్తుగా పేర్చాలి. తర్వాత పొడి సన్న ఇసుక చీపురుతో ఊడ్చి, మిషన్ తిప్పి, మళ్ళీ ఊడ్చండి. ఇసుక ఎండి ఉండాలి, తడి ఇసుక సందులోకి దిగదు, పైనే మూతేసి కూర్చుంటుంది. అందుకే ఈ చివరి పని తొలకరికి ముందే అయిపోవాలి.

జామచెట్టు మొదలు చుట్టూ మూడడుగులు, కరివేపాకు చుట్టూ రెండడుగులు వదిలేయండి. పాదు చుట్టూ బ్లాకులు నిలబెట్టి కాస్త కాంక్రీట్ ఆనిస్తే అదే అంచు అవుతుంది. తవ్వేటప్పుడు బొటనవేలి కంటే లావు వేరు తగిలితే కోయొద్దు, అక్కడ మొరం మందం తగ్గించుకోండి.

సెప్టిక్ ట్యాంక్, సంప్, డ్రైనేజీ చాంబర్ మూతలు ఏవైనా ఆ పెరట్లో ఉంటే వాటిని బ్లాకుల మట్టానికి లేపించండి. చాలా ఇళ్ళలో "చూడ్డానికి బాగోదు" అని పైనే బ్లాకులు వేసేస్తారు. కరీంనగర్‌లో ఒకాయన ఫోన్ చేస్తే దసరా ముందురోజు వెళ్ళాను. బాత్రూం ఎదురు తన్నుతోంది, ఇంటినిండా చుట్టాలు, చాంబర్ ఎక్కడుందో ఎవరికీ గుర్తులేదు. ఇనుప చువ్వతో పొడుచుకుంటూ గంటన్నర వెతికాం.

మొదటి వానాకాలంలో బ్లాకుల మీద తెల్లటి పొడి తేలితే కంగారు పడకండి, సిమెంటులోని సున్నం బయటికొస్తుంది, నాలుగు వానలకు పోతుంది. పాచి పడితే బ్లీచింగ్ పౌడర్ నీళ్ళతో గట్టి చీపురు పెట్టి రుద్దించండి. బాత్రూం యాసిడ్ మాత్రం పోయొద్దు, సిమెంటును తినేస్తుంది. వానలు తగ్గాక ఒకసారి సందులు చూసి, ఇసుక దిగినచోట మళ్ళీ ఊడ్చండి. చీమలు తోడినచోట కూడా అంతే.

మిగిలిన బ్లాకులు ముప్పై నలభై దాకా వెనక గోడకు పేర్చి ఉంచుకోండి, ఎవరడిగినా ఇవ్వకండి. రెండేళ్ళ తర్వాత అదే దుకాణంలో అదే రంగు అడిగితే వేరే ఎరుపు ఇస్తాడు.